మంజూర్! మంజూర్!

పోయిన వారం శాలన్‌ని చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబెట్టి వచ్చాం. ఆమె పమిట చాటున నాలుగు కాగితాలున్నాయి. ఎదురుగా లాఠీ అడ్డం పెట్టిన వాచ్‌మన్ ఉన్నాడు. ఆ నాలుగు కాగితాల కోసం ఆమె జిల్లా సహకార కార్యాలయం మెట్లు ఆరుసార్లు ఎక్కి దిగింది. జులై పదహారున సభ్యులంతా సమావేశమై, ఫ్యాక్టరీని అమ్మెయ్యడానికి చేతులెత్తి ఒప్పుకున్నారని వాటిలో రాసి ఉంది. అమ్మేవాడు ఫ్యాక్టరీ చైర్మన్, ఆ తాలూకా ఎమ్మెల్యే కూడా అయిన భయ్యాసాహెబ్ ఇంగవలే. కొనేది ఇంద్రధాన్య ఆగ్రో అనే కంపెనీ. ఆ కంపెనీ యజమాని భయ్యాసాహెబ్‌కి సొంత బావమరిది. ఈ రోజు జరిగే వార్షిక సభలో మొదటి పని ఆ జులై తీర్మానాన్ని ఖరారు చెయ్యడమే. సభ ఒక్కసారి "మంజూర్" అని అరిచిందా, ఇరవై రెండు వేల మంది రైతుల సొత్తు ఒక్క ఇంటి గుమ్మంలోకి వెళ్ళిపోతుంది.

"షేరు ఎవరి పేరున ఉంది?" అన్నాడు వాచ్‌మన్.

"మా మామగారి పేరున. సోపాన్ గావడే."

"అణ్ణా ఎప్పుడో వచ్చేశారు. ముందు వరసలో శాలువా కప్పి కూచోబెట్టారు. మీకు లోపల పనేముంది వహినీ? ఇంటికెళ్ళి జొన్న భాకరీలు కాల్చుకోండి."

వదినా అని వరస కలిపి అన్న ఆ మాటకి శాలన్‌కి ఒళ్ళు మండిపోయింది. చెరకు నాటినప్పుడు, కలుపు తీసినప్పుడు, నీళ్ళ వంతుకి తెల్లారుజామున పరిగెత్తినప్పుడు ఎవడూ రాలేదు "మీకేం పని" అని. పోయిన ఏడాది గ్రామసభలో ఒకే ఒక్క మాట అడిగింది. ఫ్యాక్టరీ కాటా మీద బండికి రెండు క్వింటాళ్ళు తక్కువ ఎందుకు తూగుతోందని. అంతే. వాళ్ళ చెరకుకి కటింగ్ ఆర్డర్ రాలేదు. ముందు నాటినవాళ్ళదీ కొట్టారు, తర్వాత నాటినవాళ్ళదీ కొట్టారు. గావడే వాళ్ళ రెండెకరాలు మాత్రం వైశాఖం దాకా నిలబడి, పూత పూసి, లోపల బెండు బారిపోయింది. చివరికి పశువులకి మేతగా నరికి వేశారు. అప్పుడు కూడా ఎవడూ రాలేదు.

"ఏరా, గాడిదా! నా మనవరాలిని ఆపుతావా?"

వెనక నుంచి వచ్చిన ఆ గొంతు యమ్నా ఆజీది. డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలిది, గులాబీ రంగు సభ్యత్వ కార్డు జాకెట్లో దోపుకుని వచ్చింది. ఆజీ అంటే అవ్వే గాని, శాలన్‌కి ఆమె అమ్మమ్మా కాదు, నాయనమ్మా కాదు. రెండు వీధుల అవతల ఇల్లు.

"ఈవిడ మీ మనవరాలెప్పుడైంది ఆజీ?"

"నాకు కళ్ళు కనబడటం మానేసినప్పటి నుంచి. చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళు లేకపోతే నేను వెళ్ళి మీ చైర్మన్ ఒళ్ళో కూచుంటాను. ఫరవాలేదా?"

పొద్దున్నే సూదిలో తనే దారం ఎక్కించుకున్న ముసలిది, చేతులు ముందుకి చాచి గాలిలో తడుముకుంటూ నడిచింది. వాచ్‌మన్ నవ్వాపుకోలేక లాఠీ పక్కకి తీశాడు.

లోపల ఫ్యాక్టరీ ఆవరణలో పెద్ద పందిరి వేశారు. కుర్చీ కుర్చీకీ ఒక అటుకుల చివ్డా పొట్లం. బయటికి వెళ్ళే దారిలో బల్ల వేసి, దీపావళి చక్కెర చీటీలు పంచడానికి ఇద్దరు గుమాస్తాలు కూచున్నారు. సభ ముగిస్తేనే చీటీ. అందుకే ఈ సభలు ఎప్పుడూ పావుగంట దాటవు. పైనుంచి సెక్రటరీ అంశం నంబరు చదువుతాడు, కింద నుంచి జనం "మంజూర్, మంజూర్" అంటారు, చీటీ తీసుకుని ఇంటికి పోతారు. ఏం మంజూరు చేశారో అడిగితే నూటికి తొంభై మందికి తెలియదు.

వాళ్ళనీ పూర్తిగా అనడానికి లేదు. ఆ "మంజూర్" అనే మాట మొదట మంచి మాటే. నలభై రెండేళ్ళ కింద భయ్యాసాహెబ్ తండ్రి ఆబాసాహెబ్ ఎడ్లబండిలో ఊరూరూ తిరిగి షేర్లు పోగుచేసి ఈ ఫ్యాక్టరీ కట్టాడు. యమ్నా ఆజీ తన ముక్కుపుడక అమ్మి షేరు కొన్నది అప్పుడే. ప్రతి సభలోనూ ఆబాసాహెబ్ ప్రతి పద్దూ చదివి, "మావులీ, మీకు సమ్మతమేనా?" అని ముందు వరసలో ఉన్న సోపాన్ అణ్ణాని అడిగేవాడు. పండరిపురం కాలినడకన వెళ్ళే భక్తులు ఒకరినొకరు మావులీ అనే పిలుచుకుంటారు. మెడలో తులసి మాల వేసుకున్న సోపాన్ అణ్ణా అబద్ధమాడడు. ఆయన లేచి చెయ్యెత్తి "మంజూర్" అన్నాకే సభ అనేది. ప్రతి తీర్మానం కింద బలపరిచినవారి చోట ఆయన పేరే ఉండటం అలా ఆచారమైపోయింది.

తండ్రి నాటిన చెట్టుకి కొడుకు గొడ్డలి పెట్టాడు. మరమ్మతు సామాను బావమరిది దుకాణం నుంచి మూడింతల ధరకి వచ్చింది. మొలాసిస్ మాత్రం అదే బావమరిది సారాయి ఫ్యాక్టరీకి నీళ్ళ ధరకి వెళ్ళింది. ఫ్యాక్టరీ నష్టాల్లో పడిందని ప్రభుత్వం హామీ ఉండి అప్పిప్పించింది, ఆ ప్రభుత్వంలో ఉన్నదీ భయ్యాసాహెబే. అప్పు తీరలేదు కాబట్టి అమ్మక తప్పదన్నాడు. కొనగలిగిన బయటి కంపెనీలకేమో టెండరు సంగతి గడువు ముగిశాకే తెలిసింది. తూకం వాడిదే, ధర వాడిదే, రేపు పొలానికి కటింగ్ ఆర్డర్ ఇచ్చేదీ వాడే. అరవై కిలోమీటర్ల లోపల మరో ఫ్యాక్టరీ లేదు. ఇక రైతు నోరు విప్పితే చెరకు పొలంలోనే ఎండుతుంది, గావడే వాళ్ళది ఎండినట్టు.

"ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడు పిల్లా," అంది యమ్నా ఆజీ కుర్చీలో సర్దుకుంటూ. "నువ్వు పట్టావు."

శాలన్ ముందు వరస కేసి చూసింది. కొత్త శాలువాలో ముడుచుకుని కూచున్నాడు మామగారు. ఆయనకి ఈ కాగితాలు ఆమె చూపించలేదు. ఆబాసాహెబ్ కొడుకు అలాంటి పని చెయ్యడు అంటాడు, కాగితాలు చించినా చించుతాడు. పైగా ఆయన మనసు రెండు నెలలుగా బాగాలేదు. ఏకాదశి భజనకి వెళ్ళడం మానేశాడు. గోడకి తగిలించిన వీణని ముట్టుకోవడం లేదు. మోకాళ్ళ నొప్పులనే అనుకుంది శాలన్, ఆముదం కాచి రాసింది.

వేదిక పక్కన ఆంప్లిఫైయర్ దగ్గర ఆమె భర్త బబన్ కనిపించాడు. ఫ్యాక్టరీలో వైర్‌మన్. పదకొండేళ్ళు టెంపరరీగా గొడ్డుచాకిరీ చేస్తే ఈ శ్రావణంలో పర్మనెంటు చేశారు. వేసుకున్న ఖాకీ చొక్కా పొద్దున ఆమె ఇస్త్రీ చేసి ఇచ్చిందే. శాలన్‌ని చూడగానే అతని మొహం పాలిపోయింది. వెళ్ళిపో, వెళ్ళిపో అని చేత్తో సైగ చేశాడు. ఉద్యోగానికి భయపడుతున్నాడు పాపం అనుకుంది ఆమె.

సెక్రటరీ పిసాళ్ మైకు ముందుకి వచ్చాడు. "అంశం ఒకటి. జులై పదహారు నాటి ప్రత్యేక సర్వసభ్య సమావేశపు కార్యకలాపాలు. చదివినట్టుగానే భావించి..."

"మంజూర్! మంజూర్!" అన్నాయి ముందు నాలుగు వరసలు. అక్కడ కూచున్నది ఫ్యాక్టరీ జీతగాళ్ళూ భయ్యాసాహెబ్ మనుషులూ.

"నామంజూర్!"

పందిరంతా వెనక్కి తిరిగింది. నలభై రెండేళ్ళలో ఆ ఆవరణలో ఎవరూ వినని మాట అది. యమ్నా ఆజీ కుర్చీ మీద ఎక్కి నిలబడింది.

"భావించడమేమిట్రా? నేను సభ్యురాలిని. చదివితే వింటాను, విన్నాక చెబుతాను. నాకు చదువు రాదు, కళ్ళు కనబడవు. నా తరఫున ఈ పిల్ల చదువుతుంది."

"ఆజీ, దిగండి, పడతారు," అన్నాడు పిసాళ్. "నియమాల ప్రకారం..."

"నా ముక్కుపుడక పుచ్చుకున్నప్పుడు నియమాలు చదివావా?"

వెనక వరసల్లో నవ్వులు లేచాయి. చదవనివ్వండి, చదవనివ్వండి అన్నారు ఎవరో. నవ్వుతున్న జనాన్ని కసరడం మంచిది కాదని భయ్యాసాహెబ్‌కి తెలుసు. తెల్ల బట్టల్లో కాలు మీద కాలేసుకుని, చదవమన్నట్టు చేయి ఊపాడు.

శాలన్ లేచి నిలబడింది.

"జులై పదహారు, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట. ఫ్యాక్టరీ ఆవరణ. మూడు వేల నాలుగు వందల పన్నెండు మంది సభ్యులు హాజరు," అని చదివి తలెత్తింది. "అందరూ ఒక్కసారి గుర్తు చేసుకోండి. జులై పదహారు అంటే ఇంగ్లీషు తారీఖు. మన లెక్కలో అది ఏ రోజు?"

పందిరి చివర నుంచి ఒక ముసలాయన లేచాడు. "ఆషాఢ దశమి! ఏకాదశి ముందు రోజు!"

"అవును బాబా. మీరెక్కడున్నారు ఆ రోజు?"

"ఇంకెక్కడుంటాను? వాఖరి ఊరు దాటి పండరిపురం దారిలో ఉన్నాను. కాళ్ళకి ఇంతింత బొబ్బలు."

"నేనూ అంతే," అన్నాడు పక్కవాడు. "మా ఊరంతా దారిలోనే ఉంది." "మాదీ." "మాదీ."

"ఊళ్ళో మూడు వేల మంది ఎక్కడున్నార్రా ఆ రోజు?" అంది యమ్నా ఆజీ. "కుక్కలు కూడా భజన చేస్తూ నడిచే దిండీ వెనకాల పండరిపురం వెళ్ళాయి. నేనూ, నా మేకలూ ఉన్నాం. మేమైతే చేతులెత్తలేదు."

నవ్వు పందిరంతా పాకింది, కానీ ఈసారి ఆ నవ్వులో కోపం ఉంది. ఈ కాగితాలు రాయడానికి భయ్యాసాహెబ్ పెట్టుకున్న పూణే లాయరు తారీఖు వేసేటప్పుడు గోడ మీది ఇంగ్లీషు క్యాలెండరు చూశాడు, పంచాంగం చూడలేదు. ఈ తాలూకాలో పుట్టిన పసిపిల్లకైనా తెలిసిన రోజు ఆ చదువుకున్నవాడికి తెలియలేదు.

శాలన్ మళ్ళీ కాగితం ఎత్తింది. "తీర్మానాన్ని బలపరిచినవారు సోపాన్ జ్ఞానోబా గావడే. కుడిచెయ్యి ఎత్తి ఆమోదం తెలిపారు. కింద సంతకం. మా మామంజీ ముప్పై ఒకటో ఏడు పండరిపురం వారీ నడిచారు ఈసారి. దిండీలో వీణ పట్టేది ఆయనే. వీణ నేల మీద పెట్టకూడదని మీకు నేను చెప్పాలా? రెండు చేతులూ వీణ మీద ఉన్న మనిషి ఇక్కడికొచ్చి చెయ్యి ఎట్లా ఎత్తాడు భయ్యాసాహెబ్? ఆయనకి మూడో చెయ్యి మీరు పెట్టారా?"

ఇప్పుడిక నవ్వు లేదు. కుర్చీలు కదిలాయి. వెనకాల ఉన్నవాళ్ళు లేచి ముందుకి జరిగారు. "దొంగ సభ!" అన్నాడొకడు. "మా చెరకు పిండింది చాలక మమ్మల్నీ పిండుతావా?" అన్నాడు ఇంకొకడు. చక్కెర చీటీల బల్ల దగ్గర ఉన్న వరస చెదిరిపోయింది. శాలన్ గుండె నిండింది. పోయిన ఏడు ఎండిపోయిన తన రెండెకరాల చెరకుకి ఇవాళ నీళ్ళు పెట్టినట్టుంది.

భయ్యాసాహెబ్ తొణకలేదు. మైకు చేతిలోకి తీసుకుని వేదిక దిగాడు. ఆ నిబ్బరం చూసి శాలన్‌కి మొదటిసారి అనుమానం తగిలింది.

"వహినీ బాగా చదువుకున్నారు. సంతోషం," అన్నాడు. "తారీఖు టైపు చేసినవాడి పొరపాటు కావచ్చు. తారీఖులో ఏముంది? సంతకం మనిషిది. దొంగ సంతకమైతే నన్ను ఇక్కడే చెప్పుతో కొట్టండి. ఇదిగో, సంతకం చేసిన మనిషి మన మధ్యనే ఉన్నాడు. మా నాన్నగారు అడిగినట్టే నేనూ అడుగుతాను."

ముందు వరస దగ్గరికి వెళ్ళి, సోపాన్ అణ్ణా భుజం చుట్టూ చెయ్యి వేశాడు. మైకు పక్కకి పట్టుకుని ముసలాయన చెవిలో ఏదో అన్నాడు. అంత దూరం నుంచి శాలన్‌కి మాట వినబడలేదు. పెదవుల కదలికలో ఒక్క పేరు మాత్రం తెలిసింది. బబన్.

తర్వాత మైకులో గట్టిగా అన్నాడు. "మావులీ, చెప్పండి. ఆ సంతకం మీదేనా, కాదా?"

సోపాన్ అణ్ణా లేచాడు. శాలువా తీసి కుర్చీ మీద పెట్టాడు. సన్నగా వంగిన మనిషి, కోడలు నిలబడ్డ చోటికి నెమ్మదిగా నడిచి వచ్చాడు. రెండు చేతులూ మెడ వెనక్కి పెట్టి, తులసి మాల తల మీదుగా తీసి శాలన్ అరచేతిలో పెట్టాడు.

"మామంజీ, ఏమిటిది?" అంది శాలన్.

పందిట్లో ఆడవాళ్ళు నోటికి పమిటలు అడ్డం పెట్టుకున్నారు. మాల తీసేవాడు రెండే సందర్భాల్లో తీస్తాడు. అబద్ధం ఆడబోయే ముందు, లేదా ఆడేశాక దాన్ని మోయలేక. జనమంతా మొదటిదే అనుకున్నారు. భయ్యాసాహెబ్ కూడా అదే అనుకున్నాడు, మీసం కింద నవ్వుకున్నాడు.

ముసలాయన తిరిగి ముందుకి నడిచి భయ్యాసాహెబ్ చేతిలోని మైకు అందుకున్నాడు. "ఆ సంతకం నాదే."

"మంజూర్! మంజూర్!" ముందు వరసలు ఎగిరి గంతేశాయి. సెక్రటరీ పిసాళ్ రిజిస్టరు తెరిచి గబగబా రాయబోయాడు.

సోపాన్ అణ్ణా చెయ్యెత్తాడు. "ఆగండి. నా మాట కాలేదు. సంతకం ఎప్పుడు పెట్టానో, ఎక్కడ పెట్టానో..."

మైకు చచ్చిపోయింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. ముసలాయన చేతిలోని మైకుని ఒకసారి చూసి, దాన్ని భయ్యాసాహెబ్‌కే తిరిగి ఇచ్చేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఎండలో వానలో అభంగాలు పాడిన గొంతు అది. దానికి కరెంటుతో పనిలేదు.

"శ్రావణ సోమవారం నాడు పెట్టాను! మా ఇంటి పెరట్లో, గోడ చాటున పెట్టాను! ఫ్యాక్టరీలో సభ ఏదీ జరగలేదని తెలిసే పెట్టాను! రిజిస్టరు సంచీలో దాచి తెచ్చి, ఇది పెడితేనే నా ఉద్యోగం పర్మనెంటవుతుంది నాన్నా, నాకూ పెళ్ళాం ఉంది అని నా కాళ్ళు పట్టుకున్నాడు. నా కొడుకు బబన్! ఆ రోజు నుంచి వీణ ముట్టుకోలేదు నేను. ఆబాసాహెబ్ ఫ్యాక్టరీని నా చేత్తోనే అమ్మాను. నామంజూర్! నా సంతకం నాకే నామంజూర్!"

శాలన్ ఆంప్లిఫైయర్ వైపు తిరిగింది. బబన్ అక్కడే ఉన్నాడు. పీకిన మైకు తీగ ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆమె ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. అతను తల ఎత్తలేదు.

శ్రావణంలో ఆ ఉద్యోగం వచ్చిందని, యమ్నా ఆజీ ఇంటితో మొదలుపెట్టి గడప గడపకీ తిరిగి పేడాలు పంచింది శాలనే. విఠోబా కళ్ళు తెరిచాడని అందరితోనూ చెప్పింది. కాటా తూకం గురించి అడిగిన తన నోటిని, ఆ పేడా పెట్టి మూసిందెవరో ఇప్పుడు తెలిసింది. ఆమెకి ఏడుపు రాలేదు. కొట్టాలనిపించింది. మొగుణ్ణా, భయ్యాసాహెబ్‌నా, తననా అన్నదే తేలలేదు.

"నామంజూర్!" అని పందిరి చివర మొదలైంది. ఒక్కొక్క వరసా అందుకుంటోంది. గుంజలు కదులుతున్నాయి.

అప్పుడు భయ్యాసాహెబ్ కుర్చీ మీదికి ఎక్కాడు. రెండు చేతులూ జోడించాడు. మైకు లేకపోయినా ఎన్నికల్లో అరిచి అరిచి ఆరితేరిన గొంతే అతనిదీ.

"విన్నారా మావులీ? విన్నారా అందరూ? నన్ను కూడా మోసం చేశారు! దొంగ సభ రాసిందెవరో, దొంగ సంతకం పెట్టించిందెవరో ఇప్పుడు బయటపడింది. నేను వదలను. ఇన్‌స్పెక్టర్ సాహెబ్, ఆ వైర్‌మన్‌ని పట్టుకోండి!"

బందోబస్తుకి ఇన్‌స్పెక్టర్ వెంట వచ్చిన ఇద్దరు పోలీసులు అప్పటికే బబన్ చెరో రెక్క పట్టుకున్నారు. తీగ కింద పడింది. ముందు వరసలు అప్పుడే కొత్త పాట ఎత్తుకున్నాయి. "దొంగ బబన్‌ని శిక్షించాలి! భయ్యాసాహెబ్‌కి జై!"

కుర్చీ దిగి, జనాన్ని పాయలు చేసుకుంటూ భయ్యాసాహెబ్ నేరుగా శాలన్ దగ్గరికి వచ్చాడు. ఆమెకి మాత్రమే వినిపించేలా, ఇంటి మనిషిలా మెత్తగా అడిగాడు.

"కాగితాలు తెచ్చింది మీరు. నేరం బయటపెట్టింది మీరు. ఫిర్యాదు మీ పేరునే రాయమంటారా వహినీ? లేక ఆ కాగితాలు ఇటిచ్చి, పొరపాటు చదివానని ఒక్క మాట అంటారా? మీ ఆయన రాత్రికి ఇంట్లో భోంచేస్తాడు."

ఒక చేతిలో నాలుగు కాగితాలు. రెండో చేతిలో మామగారి మాల. నాలుగడుగుల దూరంలో పోలీసుల మధ్య బబన్ మొదటిసారి తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. దేనిని వద్దంటున్నాడో ఆమెకి అర్థం కాలేదు.

ఇన్‌స్పెక్టర్ నోటుబుక్కు తెరిచి పెన్ను టోపీ తీశాడు.

"చెప్పమ్మా. ముద్దాయి పేరు?"

శాలన్ మాలని మెడలో వేసుకుంది.